పోటీ చేస్తే వాటా పోద్దంటగా? ‘కంటెస్ట్’ అనే ఒక్క మాట మీద కేస్ స్టడీ

2021 జనవరి ఆఖరి వారం. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికలు ఉంటాయా ఉండవా అన్న గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలింది. ఊళ్లలో నామినేషన్ల హడావుడి మొదలైంది. నేను హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని కోర్టు కాగితాలు, ఒప్పందాలు అనువాదం చేసుకునేవాణ్ణి. ఆ హడావుడితో నాకేం పని అనుకున్నాను. పొద్దున్నే ఎనిమిదింటికి కొత్త నంబరు నుంచి ఫోను.

“బాబూ, మా అన్నయ్య కాగితాలు తెలుగులో రాసింది నువ్వేనా?”

“అవునమ్మా, నేనే. చెప్పండి.”

“మా చిన్నోడు సర్పంచికి నిలబడతానంటన్నాడయ్యా. నిలబడితే మా అన్నయ్య మాకు రాసిందంతా పోద్దంటగా? కాగితంలో అట్టా ఉందంట. మా మనవడు చదివి చెప్పాడు.”

ఏం మాట్లాడాలో తోచలేదు. “పది నిమిషాలు ఆగండమ్మా, చూసి నేనే చేస్తాను” అని పెట్టేసి ఫైలు తెరిచాను. పదకొండో పేజీలో ఉంది నా నిర్వాకం.

ఫైలు సంగతి ముందు చెప్పాలి. టెక్సాస్‌లో చాలా ఏళ్లుగా స్థిరపడ్డ ఒక పెద్దాయన అంతకుముందు ఏడాది పోయారు. వీలునామాలో తెనాలి దగ్గర పల్లెలో ఉన్న చెల్లెలికి కూడా కొంత వాటా పెట్టారు. ఆయన కూతురు నాకు ఆ వీలునామా పంపి, “కోర్టులో వేయడానికి కాదండీ, మా అత్తయ్యకి అర్థమైతే చాలు” అని రాసింది. పద్నాలుగు పేజీలు, నాలుగు రోజుల గడువు. అర్థమైతే చాలు అన్నారు కదా అని కాస్త తేలిగ్గా తీసుకున్నానేమో కూడా. నిజానికి కోర్టుకిచ్చే అనువాదంలో తప్పు దొర్లితే పట్టుకోవడానికి ఇద్దరు లాయర్లుంటారు. ఒక డెబ్బై ఏళ్ల మనిషి ఇంట్లో కూర్చుని వినే అనువాదంలో తప్పు పట్టుకునేవాళ్లే ఉండరు.

నేను రాసిన వాక్యం ఇది: “లబ్ధిదారులలో ఎవరైనా ఈ విల్లు విషయమై పోటీ చేసిన యెడల వారికి చెందవలసిన భాగము రద్దగును.”

ఇంగ్లీషులో ఉన్నది ‘కంటెస్ట్’. అమెరికా వీలునామాల్లో ఈ తరహా షరతు తరచుగా కనిపిస్తుంది, దాన్ని నో కాంటెస్ట్ క్లాజ్ అంటారు. వీలునామా చెల్లదని కోర్టుకెక్కినవాడికి అందులో రాసిన వాటా కూడా దక్కదు అని దాని సారాంశం. వారసులు కోర్టుల చుట్టూ తిరిగి ఆస్తి కరగబెట్టకుండా పెట్టే బెదిరింపు అన్నమాట. ఇది అన్ని రాష్ట్రాల్లోనూ ఒకేలా పనిచేయదు. ఫ్లోరిడాలో అసలు చెల్లదు. టెక్సాస్‌లో చెల్లుతుంది గానీ, కోర్టుకెక్కినవారికి సరైన కారణం ఉండి, మంచి మనసుతోనే వేశారని తేలితే వాటా పోదు.

ఆ షరతును నేను ఎన్నికల నియమావళిగా మార్చేశాను.

ఎలా జరిగిందంటే, చాలామంది అనువాదకుల దగ్గర ఇప్పుడు పదకోశాన్ని గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. ఒకసారి ఒక మాటకు తెలుగు ఇస్తే, తర్వాత ఆ మాట ఎక్కడ కనిపించినా అదే తెచ్చి ముందు పెడుతుంది. అంతకు కొన్నాళ్ల ముందు ఎన్నికల నిబంధనల మీద ఒక చేతిపుస్తకం చేశాను. ఎన్నికల్లో ఈ మాటకు ఖచ్చితమైన సాంకేతికార్థం ఉంది. నామినేషన్ వేసినవాడల్లా పోటీలో ఉన్నట్టు కాదు. పరిశీలనలో నిలిచి, ఉపసంహరణ గడువు దాటాక మిగిలినవాళ్లే పోటీలో ఉన్న అభ్యర్థులు. అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికల్లో రిటర్నింగ్ అధికారి ఆ జాబితాను ఫారం 7ఎలో ఇస్తారు. ఆ పుస్తకం నిండా ‘కంటెస్ట్’ అంటే ‘పోటీ చేయు’ అని వందసార్లు నొక్కి ఉంటాను. వీలునామా దగ్గరికి వచ్చేసరికి సాఫ్ట్‌వేర్ అదే అందించింది. రాత్రి పదకొండు దాటింది, నేను ఎంటర్ నొక్కాను. యంత్రం మీద నెపం వేయడం నాకిష్టం లేదు. అది అడిగింది, నేనే సరేనన్నాను.

ఇంకో పొరపాటు కూడా ఉంది. ‘విల్లు’ అని రాయడం. వీలునామాలో వీలు ఇంగ్లీషు నుంచి వచ్చినదే కావచ్చు గానీ, తెనాలి పల్లెలో ‘విల్లు విషయమై’ అని చదివితే ఎవరికి ఏం తడుతుంది? డిగ్రీ చదివే ఆ మనవడు ఆ రెండు మాటలూ దాటేసి ‘పోటీ చేసిన యెడల’ దగ్గర ఆగాడు. బయట మైకులో అదే మాట వినిపిస్తోంది, ఇంట్లో బాబాయి అదే ప్రయత్నంలో ఉన్నాడు. వాణ్ణి తప్పుపట్టడానికేం లేదు.

ఇక్కడ తెలుగు సంగతి ఒకటి చెప్పాలి. మనకు ‘పోటీ పడటం’ వేరు, ‘పోటీ చేయడం’ వేరు. ముగ్గుల్లో, పాటల్లో, మార్కుల్లో పోటీ పడతారు. ఎమ్మెల్యేగా, సర్పంచిగా పోటీ చేస్తారు. “మా అమ్మాయి ముగ్గుల్లో పోటీ చేసింది” అంటే వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘పోటీ చేయు’ అన్న క్రియను ఎన్నికలు దాదాపు సొంతం చేసుకున్నాయి. పల్లెల్లో మళ్లీ ఆ మాట కూడా తక్కువే, ‘నిలబడటం’ అంటారు. పత్రికలైతే కోడిపందేల బరి అరువు తెచ్చుకుని అభ్యర్థుల్ని ‘బరిలో’ దించుతాయి. కాబట్టి నేను రాసిన మాటకు ఆ అమ్మ తీసుకున్న అర్థం తెలుగు ప్రకారం నూటికి నూరుపాళ్లు సరైనది.

మరి ఇంగ్లీషు మాట ఎక్కడిది? దీని మూలం లాటిన్‌లోని ‘టెస్టిస్’, అంటే సాక్షి. ‘కాంటెస్టారీ’ అంటే సాక్షులను పిలవడం. పాత రోమన్ న్యాయంలో ‘లిటిస్ కాంటెస్టాషియో’ అని ఒక ఘట్టం ఉండేది. ఇరుపక్షాలూ న్యాయాధికారి ముందు నిలబడి, సాక్షుల ఎదుట వ్యాజ్యం ఫలానా దాని మీద అని ఖాయం చేసుకునేవాళ్లు. అక్కడి నుంచి దావా మొదలైనట్టు లెక్క. అంటే ఈ మాట పుట్టింది ఆటస్థలంలో కాదు, కోర్టు వాకిట్లో. కప్పులూ కిరీటాలూ తర్వాత వచ్చి చేరాయి. తమాషా ఏమిటంటే వీలునామాకు ఇంగ్లీషులో ఇంకో పేరైన ‘టెస్టమెంట్’ కూడా ఆ సాక్షి కడుపున పుట్టిందే. మన 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షన్ కూడా వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షులు కావాలంటుంది. వీలునామాను కంటెస్ట్ చేయడమంటే, సాక్షులతో కట్టినదాన్ని సాక్షులతోనే విప్పబోవడం.

ఇది తెలిశాక నాకు ఒక గీటురాయి దొరికింది. పోటీలో ఇద్దరూ ఒకే వైపు చూస్తూ పరిగెత్తుతారు, ఇద్దరికీ కావలసింది ముందున్న ఒకే వస్తువు. కోర్టు కంటెస్ట్‌లో ఒకడు ఒక మాట అంటాడు, ఇంకొకడు దానికి ఎదురు తిరిగి “కాదు” అంటాడు. పోటీకి ఎదుటి మనిషి ఉండాలి, కంటెస్ట్‌కు ఎదుటి మాట ఉండాలి. అందుకని ఇప్పుడు ఈ పదం కనిపించగానే వ్యాకరణంలో దాని కర్మ ఏమిటో, అంటే దేన్ని కంటెస్ట్ చేస్తున్నారో చూస్తాను. సీటా? పోటీ చేయడం. బహుమతా? పోటీ పడటం. వీలునామా, దావా, బిల్లు, ట్రాఫిక్ చలానా, డాక్టరు రిపోర్టు ఇలాంటివా? అయితే ‘కాదనడం’లో ఏదో ఒక రకం.

ఏ రకం అన్న దగ్గరే అసలు పని. ఆ పది నిమిషాల్లో, తర్వాత ఆ రోజంతా నేను ప్రయత్నించిన మాటలు చెబుతాను. మొదట ‘సవాలు చేసిన’ అని రాశాను. పత్రికల్లో “తీర్పును హైకోర్టులో సవాలు చేశారు” అని రోజూ వస్తుంది కాబట్టి అలవాటైన మాటే. కానీ ఆ ఇంట్లో సవాలు అంటే తొడకొట్టడమే గుర్తొస్తుంది. ఆ వారం మరీను. ‘వ్యతిరేకించిన’ అంటే, మనసులో నచ్చకపోయినా వాటా పోతుందేమోనని భయపడతారు. ‘అభ్యంతరం తెలిపిన’ అన్నా అంతే. అన్నిటికన్నా ప్రమాదమైంది ‘ప్రశ్నించిన’. వినడానికి హుందాగా ఉంటుంది, అచ్చులో బాగుంటుంది. కానీ రేపు ఆవిడ “మా అన్నయ్య ఏ బ్యాంకులో ఎంత ఉంచాడు, నాకు రావలసింది ఎప్పుడొస్తుంది” అని అడగాలి కదా! ప్రశ్నిస్తే వాటా పోతుందని తెలుగులో చదివిన మనిషి జన్మలో నోరు విప్పదు. ఇదే సంగతి ఆయన కూతురికి రాస్తే, ఆ అమ్మాయి అక్కడి లాయరును అడిగి జవాబు పంపింది: లెక్కలు అడగడం ఈ షరతు కిందికి రాదు, నిరభ్యంతరంగా అడగొచ్చు. ఒక్క క్రియతో నేను ఆవిడ హక్కును కోసేసేవాణ్ణి.

చివరికి ఒక్క పదం కోసం వెతకడం మానేసి, ఇంగ్లీషు వాక్యం దేన్ని నిషేధిస్తోందో అది విడమరిచి రాశాను: “ఈ వీలునామా గాని, ఇందులోని ఏ అంశం గాని చెల్లదంటూ ఎవరైనా ఏ కోర్టులోనైనా దావా వేస్తే, అలా వేసినవారికి ఇందులో రాసిన వాటా దక్కదు.” ఇంగ్లీషులో ఒక్క మాట, తెలుగులో వాక్యంలో సగం. పొడుగైందని కొందరు సంపాదకులు గునుస్తారు గానీ, చట్టం కాగితంలో పొట్టితనం గొప్ప గుణమేమీ కాదు.

ఫోనులో ఇదంతా చెప్పడానికి తంటాలు పడుతుంటే, ఆవిడ మధ్యలో అందుకుంది.

“అంటే, కాగితం మీద తకరారు పెట్టగూడదు. అంతేగా?”

అంతే. పాత క్రయ దస్తావేజుల్లో “ఎట్టి తగాదాలు, తకరారులు లేవు” అని వస్తుందే, ఆ తకరారు. రెవెన్యూ వాడుకలో నలిగిన మాట. నేను ఎన్ని దస్తావేజులు అనువదించానో లెక్క లేదు, ప్రతిదాంట్లోనూ ఆ మాట చూశాను, ఇటు నుంచి అటు రాసేటప్పుడు నాకు తట్టలేదు. కొత్త డ్రాఫ్టులో ఆ వాక్యం పక్కనే “(తకరారు పెట్టినవారికి)” అని చేర్చి పంపాను. ఈ సవరణకు డబ్బులు అడగలేదు, అడిగే మొహం లేదు.

ఈ దెబ్బతో పాత ఫైళ్లన్నీ తిరగేశాను. ఒక విడాకుల డిక్రీలో ఇంకా పెద్ద గుంట కనిపించింది. అమెరికా కాగితాల్లో ‘అన్‌కంటెస్టెడ్ డివోర్స్’ అని ఉంటుంది. చాలామంది దీన్ని ‘పరస్పర అంగీకారంతో విడాకులు’ అని రాసేస్తారు. నేనూ ఒకప్పుడు రాశాను. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ మన హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ కింద పరస్పర అంగీకారం అంటే ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. అక్కడ అన్‌కంటెస్టెడ్ అన్న మాట అవతలి మనిషి నోటీసు అందుకుని జవాబివ్వకుండా ఊరుకున్నా వాడేస్తారు. మనవాళ్లు కోర్టు భాషలో ‘ఎక్స్‌పార్టీ అయిపోయింది’ అంటారే, అలాంటిది. ఒకటి సంతకం, ఇంకోటి మౌనం. మౌనం అర్ధాంగీకారం అని మనకో మాట ఉంది గానీ, అది పెళ్లిచూపుల్లో పనికొస్తుందేమో, డిక్రీ దగ్గర పనికిరాదు.

ఈ తేడా మీద సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు ఒక తెలుగు జంటదే. 1975లో తిరుపతిలో పెళ్లయింది. భర్త అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రంలోని కోర్టులో విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. అది ఇక్కడ చెల్లదని తేలింది. విదేశీ డిక్రీని మన కోర్టులు ఎప్పుడు ఒప్పుకుంటాయో చెబుతూ ఇచ్చిన మినహాయింపుల్లో రెండు ఇవి: ప్రతివాది తన ఇష్టంతో ఆ కోర్టు పరిధికి లోబడి, మన చట్టంలో ఉన్న కారణం మీద వేసిన క్లెయిమును కంటెస్ట్ చేసి ఉండాలి, లేదా విడాకులకు సమ్మతి ఇచ్చి ఉండాలి. ఆ రెండింటినీ కోర్టు విడివిడిగా లెక్కపెట్టింది. కాదని వాదించడం ఒకటి, ఔనని ఒప్పుకోవడం ఒకటి. ఊరుకోవడం వీటిలో ఏదీ కాదు. అలాంటప్పుడు మౌనాన్ని అంగీకారంగా అనువదిస్తే, ఆ భార్య చేయని సంతకాన్ని అనువాదకుడే చేసినట్టు. ఇప్పుడు నేను ‘ప్రతివాది ఎదురు వాదించని విడాకులు’ అని రాస్తున్నాను. అందంగా లేదు. తప్పు కూడా లేదు.

ఎన్నికల్లోనూ ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ పోటీ ఉన్న ఎన్నికకు, లేని ఎన్నికకు వేర్వేరు పద్ధతి చెబుతుంది. లేనిదాన్ని మనం ‘ఏకగ్రీవం’ అంటాం. ఆ మాట వింటే ఊరు ఊరంతా ఒకే గొంతుతో ఔనన్నట్టు ఉంటుంది. చట్టం చెప్పేది అంతకన్నా చిన్న సంగతి: గడువు దాటేసరికి ఇంకొకరు మిగల్లేదు. ఎందుకు మిగల్లేదన్నది దానికి అనవసరం. ఆ ఏడాది ప్రభుత్వం ఏకగ్రీవమైన పంచాయతీలకు జనాభాను బట్టి లక్షల్లో నజరానా కూడా ప్రకటించింది. ఇంత నాటుకుపోయిన పదాన్ని నేను మార్చలేను, మార్చను కూడా. అందరికీ తెలిసిన అబద్ధం ఎవర్నీ మోసం చేయదు.

‘నో కాంటెస్ట్’ దగ్గర మాత్రం జాగ్రత్త తప్పదు, ఎందుకంటే ఇది నాలుగు చోట్ల నాలుగు రకాలు. వీలునామాలో చూశాం. బాక్సింగ్‌లో ఎవరి తప్పూ లేకుండా ఏదో అవాంతరంతో ఆట ఆగిపోతే, గెలుపూ ఓటమీ లేదని ప్రకటించడం. మామూలు మాటల్లో “నో కాంటెస్ట్” అంటే సాటే రాదు, ఏకపక్షం అని. అమెరికా క్రిమినల్ కోర్టులో ఇంకోటి. నేరం చేశానని అనను, కానీ మీరు వేసే శిక్షకు అడ్డు చెప్పను అన్న వాంగ్మూలం. 1973 అక్టోబరులో అమెరికా ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ పన్ను ఎగవేత కేసులో ఇలాగే చెప్పి పదవి వదిలేశాడు. దీన్ని తెలుగులో ‘నేరం ఒప్పుకున్నాడు’ అని రాస్తే, ఆయన ఏ మాట అనకుండా తప్పించుకోవడానికి ఆ పద్ధతి ఎంచుకున్నాడో ఆ మాటే ఆయన నోట్లో కుక్కినట్టు అవుతుంది.

పనిలో పనిగా చెవికి తగిలిన ఒక విశేషం. మనవాళ్లు ఫొటో ‘కాంటెస్ట్’ అంటారు, కానీ ఎమ్మెల్యేగా ‘కంటెస్ట్’ చేస్తున్నాడంటారు. ఒకటి దీర్ఘం, ఒకటి హ్రస్వం. నిర్లక్ష్యం అనుకునేవాణ్ణి. ఇంగ్లీషులో నామవాచకానికి మొదటి అక్షరం మీద ఊత, క్రియకు రెండో దాని మీద. ఆ ఊతనే తెలుగు చెవి దీర్ఘంగా, హ్రస్వంగా పట్టుకుంది. 2017లో బిగ్ బాస్ తెలుగులోకి వచ్చినప్పటి నుంచి ఇంటింటా వినిపిస్తున్న ‘కంటెస్టెంట్’ కూడా క్రియ బాటలోనే హ్రస్వం. విచిత్రమేమిటంటే, టీవీలో ఉన్నవాళ్లే కంటెస్టెంట్లు. ఎన్నికల్లో నిలబడ్డవాణ్ణి ఎవరూ అలా అనరు, అతను అభ్యర్థి. కంటెస్ట్ చేసేది మాత్రం అతనే. ఈ పంపకం ఎవరు చేశారో గానీ, తప్పకుండా పాటిస్తున్నాం.

ఇప్పుడు నా పదకోశంలో ఈ పదానికి ఎదురుగా తెలుగు లేదు. “కర్మ చూడు” అని మాత్రం ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్నే తెచ్చి వాక్యంలో పెట్టబోతుంటే నవ్వొస్తుంది, చెయ్యి ఆగుతుంది.

ఫిబ్రవరిలో ఒకరోజు ఆవిడ మళ్లీ ఫోను చేసింది. వాటా తాలూకు కాగితాల మీద ఎక్కడ సంతకం పెట్టాలో అడగడానికి. అయిపోయాక నేనే అడిగాను, “మీ అబ్బాయి ఎన్నిక ఏమైందమ్మా?” అని.

“ఏమయిద్దయ్యా, పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడితే విత్‌డ్రా అయ్యాడు. ఏకగ్రీవం చేశారు.” కాసేపు ఆగి నవ్వింది. “ఇప్పుడు నువ్వు మొదట రాసిందే ఉంచినా మాకేం నష్టం లేదులే.”